పిండి పెట్టెకి పెరుగు సర్టిఫికెట్

పద్మనాభాన్ని భోజనానికి పిలిచిన ఇంటివాళ్ళు ముందుగా ఎక్స్‌టెన్షన్ బోర్డులు దాచేస్తారు. ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే గోడల వెంట చూపు పారేస్తాడు. కెటిలూ టోస్టరూ ఒకే బోర్డుకి తగిలించి కనబడ్డాయా, ఆ పూట పప్పుచారు చల్లారిపోవాల్సిందే. ప్లగ్గు పీకి, తిరగేసి, దాని మీద అచ్చేసిన గుర్తుల్ని కళ్ళజోడు పైకెత్తి చదివి, "ఇది ఎక్కడ కొన్నారండీ?" అంటాడు. దొంగసొమ్ము పట్టుకున్న పోలీసు కూడా అంత దర్జాగా అడగడు.

ఆ మాటకొస్తే అతని ఉద్యోగమే అది. కార్క్ దగ్గర వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో నిబంధనల విభాగానికి మేనేజరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను పట్టుకున్న పరమసత్యం ఒక్కటే. స్టాండర్డు ఏం చెప్పిందో అది చెయ్యి, అంతకుమించి ఆలోచించకు, రేపు కొంప మునిగినా నిన్నెవడూ వేలెత్తి చూపడు. ఈ సత్యాన్ని ఫ్యాక్టరీలో వదిలేసి వచ్చినా బాగుండేది. ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. కారు కొన్నా, పిల్లకి స్కూలు వెతికినా, ఆఖరికి గొడుగు కొన్నా, ఎవరో పెద్దవాళ్ళు ముందే చూసి ముద్ర వేశారా లేదా అన్నదే అతనికి కావాలి. ఇక్కడి గాలికి ఆ గొడుగు కాస్తా తిరగబడి చువ్వలు బయటపెడితే, "ముద్ర ఉన్న గొడుగే. తప్పు గాలిది," అన్నాడు.

అలాంటివాడి భార్య ఒక కరెంటు పెట్టె తయారుచేసింది. దేవుడికి పనిలేక కాకపోతే ఏంటిది!

దానికి కారణం ఇడ్లీపిండి. ఐర్లండ్‌లో మన ఆడవాళ్ళని ఏడిపించింది చలి కాదు, వాన కాదు, పులవని పిండి. ఇక్కడి పాత ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అలమర ఒకటుంటుంది. హాట్ ప్రెస్ అంటారు. ఐరిష్‌వాళ్ళు అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు. మనవాళ్ళు పిండిగిన్నె పెట్టుకుంటారు. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే మగవాళ్ళు పార్కింగ్ అడుగుతారు, ఆడవాళ్ళు నేరుగా హాట్ ప్రెస్ తలుపు తీసి చెయ్యి పెట్టి చూస్తారు. పద్మనాభం, భార్య చంద్రకళా పాత ఇల్లొదిలి కొత్త ఇల్లు కొనుక్కున్నారు. గొప్ప ఇల్లు. గాలి దూరదు, హీట్ పంపు ఉంది, కాగితం మీద అత్యుత్తమ రేటింగ్ ఉంది. హాట్ ప్రెస్ మాత్రం లేదు. ఆ ఇంట్లో మొదటిసారి చేసిన ఇడ్లీ విసిరితే కిటికీ పగిలేది.

చంద్రకళ ఊరుకునే మనిషి కాదు. మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచడమే ఆమె ఉద్యోగం. ఏ వేడికి ఏ పురుగు బతుకుతుందో, ఎంత సేపటికి ఎంతవుతుందో ఆమెకి కొట్టిన పిండి. రేకు పెట్టె ఒకటి, అడుగున చిన్న హీటరు, లోపల స్టీలు గిన్నె, వేడి హద్దు దాటకుండా ఆపే మీట, ఇవన్నీ కూర్చి ఒక యంత్రం చేసింది. సాయంత్రం పిండి పెడితే పొద్దున్నకి గిన్నె నిండుగా నవ్వుతూ ఉండేది. చూసినవాళ్ళందరూ మాకొకటి, మాకొకటి అన్నారు. ఎక్కడో ఉత్తరాన ఉన్న లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్లు కూడా ఫోన్లు చేశారు. వేసవిలో చంద్రకళ ఉద్యోగం మానేసి, ఇద్దరి పేరునా కంపెనీ పెట్టి, గ్యారేజీలో పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టింది.

"ఈ చలికాలం చూస్తానండీ," అంది భర్తతో. "నడిస్తే నడిచింది. నడవకపోతే మళ్ళీ ఆ తెల్లకోటు తొడుక్కుని, వేరేవాళ్ళ పురుగుల్ని పెంచుకుంటూ రిటైరవుతాను. నాకు మాత్రం వెనక్కి పోవాలని లేదు."

నడిపించే మనిషి కూడా దొరికాడు. త్రినాథ్‌కి కార్క్‌లో, లిమరిక్‌లో, డబ్లిన్‌లో ఇండియన్ కిరాణా కొట్లున్నాయి. ఐర్లండ్‌లో కరివేపాకు ఎవరింట తాళింపులో పడినా అది త్రినాథ్ చేతిమీదుగా వచ్చిందే. అతను పెట్టె చూశాడు, వాళ్ళింట్లో ఇడ్లీ తిన్నాడు, ఇంకో రెండు వేయించుకున్నాడు.

"వదినా, మీరు ఎన్ని చేస్తే అన్ని దింపేయండి. మూడు కొట్లలోనూ ముందు వరసలో పెడతా. ఒక్కటే మాట. వస్తువు క్షేమమని చెప్పే యూరప్ సీఈ గుర్తుండాలి. కాగితం ఉండాలి. లేకపోతే ఇన్‌స్పెక్టర్లు నా తోలు తీస్తారు."

కాగితం అనగానే పద్మనాభం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అసలు ఆ గుర్తు ఎవరిస్తారండీ?" అని అడిగింది చంద్రకళ, త్రినాథ్ వెళ్ళాక.

"ఎవరూ ఇవ్వరు," అన్నాడు పద్మనాభం. ఆ మాట చెప్తుంటేనే అతని మొహం వాడిపోయింది. "మా పరికరాలకైతే పైన ఒక సంస్థ ఉంటుంది. వచ్చి, చూసి, సర్టిఫికెట్ ఇస్తుంది. ఇంట్లో వాడే కరెంటు సామానుకి అలా ఎవరూ లేరు. చేసినవాళ్ళే పరీక్ష చేయించుకుని, ఫైలు రాసుకుని, ఇది క్షేమమని సంతకం పెట్టి, గుర్తు వాళ్ళే వేసుకోవాలి. యూరప్ చట్టం అంతే."

"మరింకేం! పెట్టేద్దాం."

"అంత తేలిగ్గా అనకు. సంతకానికి రెండు దారులున్నాయి. ఒకటి రాచబాట. మన వస్తువుకి తగిన స్టాండర్డు పట్టుకుని, అందులో ఉన్న పరీక్షలన్నీ పాసైతే చాలు, చట్టం ప్రకారం నడిచామని అధికారులే నమ్ముతారు. తప్పని ఎవరన్నా అంటే వాళ్ళే రుజువు చెయ్యాలి. రెండోది..." గొంతు తగ్గించాడు, పక్క గదిలో ఎవరో ఉన్నట్టు. "రెండోది స్టాండర్డు లేకుండా. ఏం ప్రమాదం రావచ్చో మనమే ఆలోచించి, దానికి ఏం చేశామో మనమే రాసి, అది సరిపోతుందని మనమే ఒప్పించుకోవడం."

"అది కూడా చట్టంలో ఉన్న దారేనా?"

"ఉండటానికి ఉందిలే. దొడ్డిదారులు ఏ ఇంటికి ఉండవు?"

తెల్లారి నుంచి పద్మనాభం స్టాండర్డు వేటలో పడ్డాడు. ఇడ్లీపిండి పెట్టెకి యూరప్‌లో స్టాండర్డు ఉంటే కదా! తువ్వాళ్ళు వెచ్చబెట్టే చట్రానికి ఉంది. కోడిగుడ్లు పొదిగించే పెట్టెకి ఉంది. పాదాలు కాచుకునే దుప్పటికి ఉంది. ఇంతమంది పెద్దలు ఇన్నేళ్ళు కూర్చుని కోడిపిల్ల గురించి ఆలోచించారు గానీ మినప్పప్పు గురించి ఒక్కడూ ఆలోచించలేదని అతను నిజంగానే బాధపడ్డాడు. పదో తరగతి చదివే కూతురు వర్షిత ఒకరోజు అతని భుజం మీదుగా స్క్రీన్ చూసి, "డాడ్, ఇట్స్ ఎ వార్మ్ బాక్స్. ఇట్స్ గ్రాండ్," అనేసి పోయింది. ఇక్కడివాళ్ళు పర్వాలేదనడానికి వాడే ఆ గ్రాండ్ అన్నది ఏ స్టాండర్డులోనూ లేదని అతను వెనకనుంచి అరిచాడు.

ఆఖరికి దొరికింది. ఒక ఆదివారం వంటింట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చంద్రా! దొరికింది! పెరుగు యంత్రం!"

"ఏంటి పెరుగు యంత్రం?"

"పాలు తోడుపెట్టే యంత్రం. దానికి స్టాండర్డు ఉంది. గోరువెచ్చని పెట్టె, లోపల గిన్నె, రాత్రంతా పులవడం. ఇది అదే! మనది పెరుగు యంత్రం!"

చంద్రకళ గరిటె పక్కన పెట్టింది. "పెరుగు పొంగదు కదండీ. పిండి పొంగుతుంది."

"అది స్టాండర్డులో లేదు."

"స్టాండర్డులో లేకపోతే పొంగదా?"

"పొంగితే పొంగుతుంది, గిన్నెలో తక్కువ పోసుకోమని పుస్తకంలో రాద్దాం. నువ్వు అనవసరంగా తలనొప్పి తేకు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషితో ఎవరు వాదిస్తారు! పైగా ఆమెకీ తొందరగానే ఉంది. సెప్టెంబరు వచ్చేసింది. పొద్దున్నే కారు అద్దాల మీద తడి కనబడుతోంది. సరే కానీండి అంది.

పెట్టెని గాల్వే దాకా మోసుకెళ్ళి ఒక ల్యాబ్‌లో పెట్టారు. అక్కడి ఇంజినీరు మార్తా, పోలండ్ ఆవిడ, చూడగానే అడిగింది. "ఏమిటిది?"

"పెరుగు యంత్రం," అన్నాడు పద్మనాభం, రెప్ప వెయ్యకుండా.

"ఇంత పెద్దదా?"

"మేము పెరుగు బాగా తింటాం."

అది అబద్ధం కూడా కాదు, చూసుకోండి! మార్తా రాసుకుంది. స్టాండర్డు చెప్పినట్టు నీళ్ళు పోసింది, వేడి చేసింది, తీగ లాగింది, మూత మీద బరువు పెట్టింది. గిన్నె నిండాక ఇంకొన్ని నీళ్ళు పైనుంచి పోసి ఒలికించింది కూడా. నీళ్ళు గబుక్కున ముందు నుంచి జారి బల్ల మీద పడ్డాయి. తుడిచేసింది. అన్నిట్లోనూ పాస్. సర్టిఫికెట్ వచ్చింది. నీలం రంగు ముద్ర, కింద మార్తా సంతకం, వెలిగిపోతోంది.

పద్మనాభం దానికి ఫ్రేము కట్టించాడు. త్రినాథ్‌ని భోజనానికి పిలిచారు. త్రినాథ్ చేతులు కడుక్కుని వచ్చి మరీ దాన్ని పట్టుకున్నాడు.

"శంఖంలో పోస్తే గానీ తీర్థం కాదంటారు అన్నయ్యా. ఇదిగో శంఖం! ఇంక దింపేయండి."

"వచ్చే వారం. మా వైపు నుంచి నేనొక సంతకం పెట్టాలి, అంతే," అన్నాడు పద్మనాభం. సంతకం అన్న మాట ఇప్పుడతని నోట్లో పంచదారలా కరిగింది. కింద స్టాండర్డు ఉంది, వెనక ల్యాబ్ ఉంది, ముందు ముద్ర ఉంది. మధ్యలో తన పేరు ఎవరికీ కనబడదు. గ్యారేజీలో చంద్రకళ చేసిన పెట్టెలు అట్టపెట్టెల్లో వరసగా సిద్ధంగా ఉన్నాయి.

ఆ శనివారం పొద్దున వర్షిత మెట్ల మీద నుంచి కేకేసింది. "డాడ్! ద సాకెట్స్ ఆర్ డెడ్! మై ఫోన్ డిడంట్ చార్జ్!"

పద్మనాభం కిందికొచ్చాడు. వంటింట్లో వాసన చెప్పేసింది ముందు, పుల్లగా, ఘాటుగా. చంద్రకళ ముందురోజు మెంతులు కాస్త ఎక్కువేసి రుబ్బింది. పిండి పులిసింది, పొంగింది, మూతని నెత్తిన పెట్టుకుని లేచింది. లేచి ఎటు పోయిందంటారు? ముందుకి కాదు. మెల్లగా, ఓపిగ్గా, పెట్టె వెనక గోడ పట్టుకుని పాకుతూ కిందికి దిగింది. వెనకాల తీగ దూర్చే బెజ్జం ఉంది. అక్కడ ఆగి, ముద్దగా కూర్చుని, లోపలికి చేరింది. కరెంటు ఎక్కడ కారినా ఆపేసే ట్రిప్ స్విచ్ ఇంటికి ఉంది కాబట్టి కరెంటు పోయి ఊరుకుంది.

పద్మనాభం మొదట చేసిన పని, దాచకుండా చెప్పాలంటే, తప్పు భార్య మీదకి తోయడం.

"గిన్నె నిండా పోశావా?"

"సగానికి కాస్త పైన. అందరూ పోసేది అంతే. మీ అమ్మగారైతే నిండా పోస్తారు."

అతను వేలితో ఆ బెజ్జం దగ్గర పిండి తీశాడు. అంటుకుంది. తుడిస్తే సాగింది. ట్రిప్ స్విచ్ లేని ఇల్లయితే? ఇక్కడ పాత అద్దె ఇళ్ళలో వైరింగు ఎప్పటిదో ఎవడికి తెలుసు. తెల్లారి ఎవరో పాపం నిద్రకళ్ళతో వచ్చి, అయ్యో పొంగిందే అని తడిగుడ్డతో రేకు పెట్టెని తుడవబోతారు. తల్లి వెనకాలే పిల్ల వచ్చి వేలు పెడుతుంది. పద్మనాభం గబగబా ప్లగ్గు పీకేశాడు. ఇన్నాళ్ళూ అతను పడ్డ భయాలన్నీ తన ఉద్యోగం గురించి, తన పేరు గురించి. ఇది వేరే భయం. ఇది ఎవరో తెలియని మనుషుల గురించి వచ్చింది.

సోమవారం మార్తాకి ఫోన్ చేశాడు. "మీ పరీక్షలో పాసైంది కదా, ఇలా ఎలా జరుగుతుంది?" అని గట్టిగానే అడిగాడు.

"ఏం పోశారు అందులో?"

చెప్పాడు. బియ్యం, మినప్పప్పు, మెంతులు.

"మిస్టర్ పద్మనాభం, మీరు పెరుగు యంత్రం అన్నారు. నేను పెరుగు యంత్రాన్ని పరీక్షించాను. నీళ్ళు ఒలికించాను, నీళ్ళు జారిపోయాయి. నా కాగితంలో ప్రతి అక్షరం నిజం. మీ పెట్టె మంచి పెరుగు యంత్రం." తర్వాత కొంచెం మెత్తగా అంది. "స్టాండర్డుకి తెలియని ప్రమాదం మీ వస్తువులో ఉంటే దాన్ని మీరే చూసుకోవాలి. ఈ సంగతి మీకు కొత్త కాదనుకుంటాను."

కొత్త కాదు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరేవాళ్ళకి అతను చెప్పే పాఠంలోనే ఉంది ఆ వాక్యం. ప్రతిసారీ, ఇది మనకి పెద్దగా అవసరం పడదులెండి, అని దాటేసేవాడు.

ఆ సాయంత్రం చంద్రకళ ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఈ సర్టిఫికెట్‌ని నమ్ముకుని నేను సంతకం పెట్టలేను. ఎవరూ నన్ను పట్టుకోలేరు, అది నిజమే. స్టాండర్డు ఉంది, ముద్ర ఉంది. కానీ నాకు తెలిసిపోయింది కదా చంద్రా. తెలిశాక ఎలా పెట్టను?"

ఆమె గ్యారేజీ తలుపు వైపు చూసింది. గ్యారేజీ నిండా పెట్టెలున్నాయి. వేసవంతా వాటికే పోసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. "పిండి పొంగుతుందని ఆరోజే మొత్తుకున్నాను. అప్పుడు స్టాండర్డులో లేదన్నారు!"

"అన్నాను. తప్పు నాది."

పద్మనాభం నోట ఆ మాట రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి అనుకుంటా. ఆమెకి ఏడుపు ఆగిపోయి ఆశ్చర్యం వేసింది. "సరే, లేవండి. ఆ దొడ్డిదారేదో చూపించండి," అంది.

నడిచాక తెలిసింది, అది దొడ్డిదారి కాదు, కొండదారి. రాచబాట మీద ఎవరో రాసిన ప్రశ్నలకి జవాబులు చెప్తే చాలు. ఇక్కడ ప్రశ్నలు కూడా మనమే వేసుకోవాలి. పద్మనాభం మొదట్లో కొట్టుకుపోయాడు. పెట్టె మీద తాతగారు కూర్చుంటే? పిల్లి లోపల పడుకుంటే? అందులో ఎవరైనా తడిసాక్సులు ఆరబెడితే? "అలాంటి మనిషికి ఇడ్లీ ఎందుకండీ?" అని చంద్రకళ విసుక్కుంది గానీ, సాక్సుల సంగతి విని వర్షిత మాత్రం మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయింది. ఆ వాలకం చూసి సాక్సులు కూడా ఫైల్లో రాశారు.

పిండి దగ్గరికి వచ్చేసరికి చంద్రకళ చెప్పింది, అతను రాసుకున్నాడు. ఏ బియ్యం ఎంత పొంగుతుంది, మెంతులేస్తే ఎంత, అటుకులేస్తే ఎంత, ఎండాకాలం ఎంత. గిన్నె చుట్టూ గాడి పెట్టారు, పొంగినదంతా అందులో పడేటట్టు. తీగ బెజ్జాన్ని వెనక కింది నుంచి పక్కకి, పైకి మార్చి, మీద చూరులాంటి రేకు కట్టారు. పిండి చేరకుండా హీటరు చుట్టూ మూసేశారు. గ్యారేజీలో ఉన్న పాత పెట్టెల్ని పక్కకి నెట్టి కొత్తవి మొదలుపెట్టారు. నవంబరు వచ్చేసింది. త్రినాథ్ రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఏమైంది వదినా అని.

కొత్త పెట్టెని మళ్ళీ గాల్వే తీసుకెళ్ళారు. ఈసారి నీళ్ళు కాదు, బకెట్లతో పిండి. మార్తా ల్యాబ్ రెండ్రోజులు పులుపు కంపు కొట్టింది. వాళ్ళు నిండా పోశారు, మూత వెయ్యకుండా పోశారు, మెంతులు గుప్పెడేసి పోశారు. పిండి ప్రతిసారీ పొంగి గాడిలో పడి అక్కడే ఆగింది. పరీక్ష అయ్యాక మిగిలిన పిండితో చంద్రకళ అక్కడే పొయ్యి పెట్టి దోశలు వేసింది. మార్తా నాలుగు తిని, ఉన్నమాట చెప్పింది.

"బాగుంది. పెట్టె కూడా, ఇది కూడా. కానీ ముద్ర వేసిన సర్టిఫికెట్ ఇవ్వలేను. పోల్చడానికి స్టాండర్డు లేదు. కస్టమరు చెప్పిన పద్ధతిలో పరీక్షించాం, ఇదీ ఫలితం, అని మాత్రం రాసిస్తాను. చట్టానికి అది చాలు, మీ ఫైలు గట్టిగా ఉంటే. సంతకం మాత్రం మీదే."

ఆ సంతకానికి పద్మనాభం పడ్డ పాట్లు చెప్తే నవ్వుతారు. పెన్ను బాగాలేదన్నాడు. వెలుతురు చాలదన్నాడు. మంగళవారమన్నాడు. చంద్రకళ కాఫీ తెచ్చి ముందు పెట్టి, "ఏవండీ, మీకు అనుమానం ఉందా?" అని అడిగింది.

"లేదు. అదే భయంగా ఉంది. ఎవరినీ అడగకుండా నాకు నేనే నమ్మకంగా ఉండటం ఎప్పుడూ అలవాటు లేదు."

"అయితే ఇప్పుడు అలవాటు చేసుకోండి," అంది. అతను పెట్టాడు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పెట్టాక లేచి వంటింట్లోకి వెళ్ళి ఊరికే కొళాయి తిప్పి కట్టాడు.

మర్నాడు ఇద్దరూ కారు నిండా కొత్త పెట్టెలు వేసుకుని కార్క్‌లో త్రినాథ్ కొట్టుకి వెళ్ళారు. వాన దంచుతోంది. త్రినాథ్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాడి చూసి తలాడించాడు. చూరు రేకు చూసి భలే అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"కాగితం?"

పద్మనాభం ఫైలు ఇచ్చాడు. బరువైనది. త్రినాథ్ ముందు పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు. మధ్యలో సాక్సుల దగ్గర ఒక నిమిషం ఆగాడు.

"నీలం ముద్ర ఏదన్నయ్యా?"

"ఇది మారిన పెట్టె. ఆ సర్టిఫికెట్ దీనికి వర్తించదు. ఇదిగో ల్యాబ్ రిపోర్టు."

"కస్టమరు చెప్పిన పద్ధతిలో అని ఉంది. అంటే మీరు చెప్పిందే వాళ్ళు రాశారన్నమాట. కింద సంతకం కూడా మీదే." త్రినాథ్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "మీ మీద నమ్మకం లేక కాదు. రేపు ఇన్‌స్పెక్టరు వస్తే ఇంత పుస్తకం చదువుతాడా? ముద్ర చూపిస్తే రెండు క్షణాల్లో పోతాడు."

"చట్టానికి ఇది చాలు త్రినాథ్. రెండు దారులూ సమానమే."

"చట్టానికి చాలు, కొట్టుకి చాలదు. సరేగానీ, పాత పెట్టెలు గ్యారేజీలో ఉన్నాయిగా? వాటికి ముద్ర ఉందిగా? అవే దింపేయండి. ఈవాళే దింపేయండి, ముందు వరసలో పెడతా."

"పిండి పొంగితే వాటికి కరెంటు పాకుతుంది. నీకు ఫోన్లో చెప్పాను కదా!"

"చెప్పారు. అయితే ఏంటి? పాసైంది కదా. ఏదన్నా అయితే మన తప్పు ఎలా అవుతుంది? మీరు చెప్పే పాఠమేగా ఇది."

పద్మనాభానికి చెంప మీద కొట్టినట్టయింది. జవాబు కోసం చంద్రకళ వైపు చూశాడు. ఆమె అద్దం తలుపు లోంచి వాన చూస్తోంది. అతనికి తెలుసు ఆమె ఏం లెక్కేసుకుంటోందో. పాతవి ఇస్తే రేపటినుంచే మూడు కొట్లలో ఆమె పెట్టె. ఇవ్వకపోతే క్రిస్మస్ పోతుంది, చలికాలం పోతుంది, జనవరిలో తెల్లకోటు. ఈ క్షణంలో ఆమె సరే అంటే తను ఏమంటాడో కూడా అతనికి తెలియలేదు, ఎందుకంటే ఆమెని ఇక్కడిదాకా తెచ్చింది తనే.

"వద్దు త్రినాథ్ గారూ," అంది చంద్రకళ, ఇటు తిరక్కుండానే. "పాతవి విప్పి రేకు చెత్తకి వేసేస్తాం. ఏవండీ, పదండి, పెట్టె తీసుకోండి."

పద్మనాభం పెట్టె ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళారు. త్రినాథ్‌కి నిజంగానే బాధగా ఉంది. మంచివాడే, ఆ సంగతి ఒప్పుకోవాలి. వెనకనుంచి పిలిచాడు.

"వదినా! ఏమీ అనుకోకండి, వ్యాపారం. ఒక చిన్నమాట. మా ఇంట్లోకి ఒకటి కావాలి. మా ఆవిడ రోజూ అడుగుతోంది."

"పాతదా, కొత్తదా?" అంది చంద్రకళ.

"అదేం ప్రశ్న వదినా, కొత్తదే! మా చంటిది ఇప్పుడిప్పుడే నిలబడుతోంది, కనబడ్డదల్లా పట్టుకుంటోంది."

అనేశాడు. అన్నాక తన మాట తనకే వినబడింది కాబోలు, చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. కరివేపాకు కట్ట పట్టుకుని వరసలో నిలబడ్డ ఒకావిడ, చంకలో పిల్లాడితో, వీళ్ళ ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్లాడు కౌంటరు మీదున్న కార్డు మిషను వైరు అప్పటికే నోట్లో పెట్టుకున్నాడు.

చంద్రకళ ఆ పిల్లాడి నోట్లోంచి వైరు మెల్లగా తీసింది. "మరి మీ కొట్టుకొచ్చేవాళ్ళ పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటారా త్రినాథ్ గారూ?"

త్రినాథ్ వరసలో ఉన్న ఆవిడ దగ్గర కరివేపాకు డబ్బులు తీసుకుని, చిల్లర తప్పు ఇచ్చి, మళ్ళీ సరిగ్గా ఇచ్చాడు. కౌంటరు పలక ఎత్తి బయటికొచ్చాడు. పద్మనాభం చేతుల్లోంచి పెట్టె అందుకుని, ముందు వరసలో ఉన్న అప్పడాల డబ్బాలు పక్కకి జరిపి అక్కడ పెట్టాడు.

"కార్లో ఇంకెన్నున్నాయి వదినా?" అన్నాడు, ఆమె మొహం వైపు చూడకుండా.